పట్టు దొరకని మొహం

వీరస్వామి బ్లేడుతో పెన్సిల్ చెక్కుతున్నాడు. పొట్టు కింద పడకుండా ఒళ్లో పాత పేపరు పరుచుకున్నాడు. చెయ్యి పెన్సిల్ మీద ఉన్నా చూపు కిటికీ బయటే ఉంది. పాలపాకెట్ల కోసం సందులోంచి పోతున్నవాళ్లను చూస్తున్నాడు. ఒకడికి గడ్డం, ఒకామెకు ముందుపళ్లు, ఇంకొకడికి మెడ. మనిషిలో ఏదో ఒకటి పట్టుకోవాలి. దాన్ని 'పట్టు' అంటాడతను. పట్టు దొరికిన చోట పెన్సిల్ ఆనించి సాగదీస్తే మిగతా మొహం దాని వెనకాలే నడిచొస్తుంది. ఇన్నేళ్లూ ఆ పనే అన్నం పెట్టింది. అతని వెక్కిరింత బొమ్మలు వేసిన వారపత్రిక మూతపడ్డాక పెళ్లి రిసెప్షన్లు, కాలేజీ ఫంక్షన్లు మిగిలాయి. తన బొమ్మ చూసి మొహం ముడుచుకున్నవాడే పక్కవాడి బొమ్మ చూసి పడీపడీ నవ్వుతాడు. మనుషుల మీద వీరస్వామికి గౌరవం లేకుండా పోవడానికి ఆ నవ్వు చాలు.

వెనక మంచం మీద అతని భార్య ఈరమ్మ కదిలింది. మొన్నటి వానాకాలంలో పక్షవాతం వచ్చి ఆమె ఎడమచెయ్యి పడిపోయింది. మూతి కుడివైపుకు లాగేసింది. ఊరందరి మూతులూ వంకర తిప్పినవాడి ఇంట్లో, అతను తిప్పని మూతి అదొక్కటే.

ఆమెను అతనేనాడూ గీయలేదు. పెళ్లయిన కొత్తలో అడిగితే, నీ మొహంలో పట్టుకునేందుకు ఏమీ లేదు పొమ్మన్నాడు. అతని పనిలో అంతకంటే పెద్ద మెప్పు లేదు. ఆ సంగతి ఆమెకు విడమరిచి చెప్పలేదు. ఆమె ఆ మాటను ఇన్నేళ్లూ మోసింది. ఈ పొద్దున దించింది.

"పట్టుకునేందుకు ఏం లేదంటివి గదయ్యా." మాటలు ఒక పక్కనుంచే జారుతున్నాయి. "ఇప్పుడున్నది. గియ్యి."

వీరస్వామి బ్లేడు ఆపాడు.

"పొద్దుగాల్నే పరాచికాలా?"

"నీ దగ్గర్నే నేర్చుకున్న." కాసేపు ఊపిరి తీసుకుంది. "మునుపటి లెక్క గియ్యి. నేను పోతే దండ దానికే వెయ్యి. ఈ మూతికి వద్దు."

ఇంట్లో ఆమె ఫోటో అంటూ ఉన్నది ఆధార్ కార్డు మీదిదే. అందులో ఉన్నది ఆమేనని కార్డు చెబితే నమ్మాలి. మధ్యాహ్నం అన్నం వేళకల్లా వచ్చి గీస్తానని వీరస్వామి మాటిచ్చాడు. పక్క పోర్షన్లో ఉండే వాసంతికి కాస్త చూస్తుండమని చెప్పి, అట్ట, కాగితాలు సంచిలో వేసుకుని బయల్దేరాడు.

తార్నాక చౌరస్తాలో మెట్రో స్తంభాల కింద రోడ్డు దాటి యూనివర్సిటీలోకి నడిచాడు. దారంతా ఒకటే భయం. ఉన్నది ఉన్నట్టు గీసి ఎన్నేళ్లయిందో అతనికే గుర్తులేదు. చెయ్యి అలవాటుకొద్దీ వంకరనే వెతుక్కుంటుంది. ఈరమ్మ ఎదురుగా కూచుంటే అది ఎక్కడికి పోతుందో అతనికి తెలుసు.

క్యాంపస్‌లో ఆ రోజు ప్రొఫెసర్ సోమయాజులుగారి పదవీ విరమణ సభ. ఆయనది కాకినాడ వైపు. చెవులు చేటలంత ఉంటాయి. ఏటా వార్షికోత్సవానికి వీరస్వామి ఆ చెవులను ఇంకాస్త పెంచుతూ వచ్చాడు. ఒక ఏడాది గొడుగులు, ఒక ఏడాది విమానం రెక్కలు. సభ ఏర్పాటు చూస్తున్న లెక్చరర్ రత్నాకర్, మొదటి బొమ్మ సారుదే కావాలన్నాడు.

సోమయాజులు మెడలో దండతోనే వచ్చి ఎదురుగా కూచున్నారు. ఎప్పుడూ చెవి దగ్గర మొదలుపెట్టే వీరస్వామి కనుబొమల మధ్య పెన్సిల్ ఆనించాడు. చెయ్యి చెవివైపు గుంజింది. వెనక్కి లాగాడు. నుదుటి ముడతలు, అలిసిన కళ్లు, చెవులు ఉన్నంతే. చివరి గీత గీసేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. చెయ్యి మాట విన్నది. ఇక ఇంటికి పోవచ్చు అనుకున్నాడు.

బొమ్మ ఎత్తి చూపిస్తే హాల్లో ఎవరూ నవ్వలేదు. సోమయాజులు దాన్ని చేతిలోకి తీసుకుని చూశారు.

"నా చెవులేవయ్యా?"

"ఉన్నయి గద సార్."

"ఇవి కావు. నువ్వు పెంచినవి." కాగితం తిరిగి ఇచ్చేశారు. "ఇది సంతాపసభలో పెట్టుకునే బొమ్మయ్యా. నేనింకా ఉన్నాను."

అప్పుడు నవ్వారు అందరూ. రత్నాకర్ మాత్రం దగ్గరికొచ్చి వీరస్వామి చెవి దగ్గర వంగాడు. "నవ్వుకునేందుకు పిలిచినమే అన్నా నిన్ను. మళ్ల గియ్యి."

అన్నం వేళ కావస్తోంది. ఇంట్లో మనిషి ఎదురుచూస్తోందని చెప్పి లేచిపోవచ్చు. ఎవరూ కాళ్లు పట్టి ఆపరు. వీరస్వామి లేవలేదు. నవ్వించకుండా లేచిపోవడం అతనికి చేతకాదు. ఇంకో కాగితం తీసి చెవులతో మొదలుపెట్టాడు. ఈసారి చెవులు ఊయలలయ్యాయి. చెరొక ఊయలలో ఒక విద్యార్థి గురకపెడుతున్నాడు. హాలు గొల్లుమంది. వెనకాలే వరస కట్టారు. సంచిలో ఫోన్ మోగినా ఆ గోలలో వినబడలేదు. నవ్వులు వినబడుతున్నంతసేపూ చెయ్యి హాయిగా పరిగెత్తింది. ఆ హాయికి అతను సిగ్గుపడాల్సింది. పడలేదు.

తార్నాక చేరేసరికి పిల్లలు బడినుంచి ఇళ్లకు పోతున్నారు. వాసంతి అతని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఫోన్ ఎత్తలే మీరు," అంది. "జావ తాగినంక తల దువ్వమన్నది. బొమ్మ గీస్తడు, మంచిగ దువ్వు బిడ్డా అన్నది. దువ్విన. అట్లనే కన్ను మూసింది అంకుల్. పిలిస్తే పలకలే."

వీరస్వామి లోపలికి పోయాడు. ఈరమ్మ వెల్లకిలా పడుకుని ఉంది. పాపిట తీర్చి ఉంది. ప్రాణం పోయాక బిగువు సడలి మూతి తిన్నగా వచ్చింది. ఆమె అడిగింది ఆ మొహమే.

వాసంతి బయట ఎవరెవరికో కబురు చెబుతోంది. వీరస్వామి అట్ట ఒళ్లో పెట్టుకుని మంచం పక్కన కూచున్నాడు. నుదురు చూశాడు. ముక్కు చూశాడు. మూతి చూశాడు. పెన్సిల్ కాగితం దాకా వెళ్లి ఆగింది. ఎక్కడ ఆనించాలో చేతికి తెలియలేదు. వాడకట్టు వాళ్లు వచ్చి, ఆమెను దించాలి, లెమ్మనేదాకా అలాగే కూచున్నాడు. తర్వాత తెల్ల కాగితాన్ని సంచిలో పెట్టి గోడవైపు జరిగాడు.

మంచం ఎత్తితే కింద స్టీలు గ్లాసు కనబడింది. అందులో ఒక స్ట్రా ఉంది. ఇన్నాళ్లూ అతను జావ చెంచాతో పట్టేవాడు, సగం ఆమె మెడ మీదికే కారేది. స్ట్రా సంగతి వాసంతికి తట్టింది, అతనికి తట్టలేదు. కాగితపు స్ట్రా, చివర ఒక పక్కనే నమిలి ఉంది, గ్లాసు అడుగున మిగిలిన జావలో మెల్లగా నానుతోంది.