వీపు తిప్పే జెల్ల చేప

పొద్దున్నే తాళం తీయగానే తహానీ ముందు జాడీల్లో స్పిరిట్ ఏమైనా తగ్గిందేమో చూస్తుంది. తరువాత ఇంటి నుంచి తెచ్చుకున్న పొట్లం విప్పుతుంది. రొట్టెలో కూరిన చిక్కుడు గింజల ముద్ద, నిమ్మచెక్క, పచ్చి ఉల్లిపాయ. కైరోలో నది ఒడ్డున ఉన్న ఆ పాత మ్యూజియంలో నైలు చేపలన్నీ ఆమె చేతికిందే ఉంటాయి. చేపలంటే బతికున్నవి కావు లెండి, తాతల కాలంలో పట్టి జాడీల్లో పెట్టినవి. పేచీ పెట్టవు, ఎదురు చెప్పవు. ఒక్క జెల్ల చేప తప్ప.

చచ్చి జాడీలో ఉన్నా ఆ జెల్లకి అబద్ధం గిట్టదు. తన ముందు ఎవరైనా అబద్ధమాడితే చాలు, ఆ మనిషికి వీపు తిప్పేస్తుంది. కాస్త నిజం చెవిన పడితే మళ్లీ ఇటు తిరుగుతుంది. దీని గురించి మ్యూజియంలో ఎవరూ మాట్లాడుకోరు. గోడ గడియారం నిదానంగా నడుస్తోందని రోజూ ఎవరు మాట్లాడుకుంటారు?

అలా ప్రశాంతంగా నడిచిపోతున్న చోటికి ఎక్స్‌రే యంత్రం వచ్చింది. దానికో ఇనుప చెయ్యి. జాడీల్ని వరసగా తనే ఎత్తి సీసపు పెట్టెలో పెడుతుంది, తలుపు మూస్తుంది, గుండ్రంగా తిప్పుతూ అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీస్తుంది. ఆ ఫొటోలన్నిటినీ కంప్యూటరు కలిపి ఒకే బొమ్మగా కుడుతుంది. ఇక లోకంలో ఎక్కడున్న పండితుడైనా జాడీ మూత తీయకుండా చేప ఎముకలు చూసుకోవచ్చు. యంత్రంతోపాటు వగ్దీ అనే ఇంజనీరూ వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి, పెళ్లి కాలేదు. మనిషి మంచివాడే గానీ నోట్లో మాట నోట్లోనే ఉంటుంది.

"రండి ఇంజనీరు గారూ, తిందురుగాని," అనేది తహానీ రోజూ పొట్లం విప్పుతూ.

"ఇప్పుడే తిని వచ్చాను. మీ చేతులు చల్లగా ఉండాలి," అనేవాడు వగ్దీ.

జెల్ల వీపు తిప్పేసేది. తహానీ పట్టించుకునేది కాదు. ఆ ఊళ్లో అది మామూలే. నది మధ్యలో పడవవాడు అన్నం తింటూ ఒడ్డున పోయేవాణ్ణి "రా అన్నా, భోంచేద్దువు" అని కేకేస్తాడు. వాడెలా వస్తాడు, ఈదుకుంటూనా? అయినా పిలవాలి. ఒడ్డువాడు కడుపు కాలుతున్నా "ఇప్పుడే తిన్నాను" అనాలి. పిలిచినవాడికీ పరువు దక్కుతుంది, కాదన్నవాడికీ దక్కుతుంది.

చేపలన్నీ సుఖంగా ఫొటోలు దిగాయి. ఈ మహాతల్లి దగ్గరికి వచ్చేసరికి చిక్కొచ్చి పడింది. ఫొటో తీస్తుండగా మ్యూజియానికి పెద్ద, డాక్టర్ మహ్రాన్ గారు గదిలో కుర్చీలో కూర్చునే ఫోనులో "దారిలో ఉన్నానండీ, వంతెన దాటాను" అన్నారు. జెల్ల తిరిగింది, ఫొటో అలుక్కుపోయింది. రెండోసారి టీ కాచే ఉమ్ రిదా గుమ్మంలోంచి ఎవరికో "ఇదిగో, పొయ్యి మీదే ఉంది" అంది. పొయ్యి ఇంకా వెలిగించనే లేదు. మళ్లీ అలుక్కుపోయింది. దాంతో పెద్దాయన జెల్ల ఫొటో అయ్యేదాకా ఎవరూ అబద్ధం ఆడకూడదని ఆర్డరు వేశారు. ఆఫీసంతా ఒక్కసారిగా మూగబోయింది. చూడబోతే అక్కడ చెప్పుకోడానికి మరో మాటంటూ లేదు పాపం.

ఈలోగా తహానీకి ఓ సంబంధం వచ్చింది. వరుడు హిల్మీ, నీళ్ల శాఖలో ఉద్యోగం. రానున్న గురువారం రెండిళ్లవాళ్లూ ఫాతిహా ప్రార్థన చదువుకుని పెళ్లి మాట పుచ్చుకోవాలన్నది తల్లి పట్టుదల. "వద్దంటున్నావు సరే, ఒక్క కారణం చెప్పు. ఒక్కటంటే ఒక్కటి," అంటుంది ఆవిడ. తహానీకి కారణం దొరికేది కాదు. మనసొప్పట్లేదంటే ఆవిడ లెక్కలో అది కారణం కిందకి రాదు.

శనివారం హిల్మీ బస్బూసా మిఠాయి డబ్బా పట్టుకుని మ్యూజియానికే వచ్చాడు. జెల్ల ఎదురుగానే కూర్చున్నాడు. హమ్మయ్య, ఈయన ఏదో ఒక కోత కోస్తాడు, చేప వీపు తిప్పుతుంది, నా కారణం నాకు దొరుకుతుందని తహానీ ఆశపడింది.

"మీ ముక్కు ఫొటోలో కంటే పెద్దదే," అన్నాడు హిల్మీ. "మీ ఉద్యోగం నాకు నచ్చలేదు, వాసనొస్తోంది. మా అమ్మని చూసుకోడానికి మనిషి కావాలి, అందుకే పెళ్లి. ప్రేమా అదీ నాకు తెలీదు."

జెల్ల కదల్లేదు సరికదా, మీసాలు గాజుకి ఆనించి మరీ అతన్నే చూస్తూ ఉండిపోయింది. అన్నేళ్లలో అది ఒక మగాడి ముందు అంతసేపు నిలబడ్డ పాపాన పోలేదు.

"ఇంకేం కావాలే పిల్లా నీకు? చేపే ఒప్పేసుకుంది," అంది ఉమ్ రిదా. అక్కడితో ఆగిందా, సాయంత్రానికల్లా ఆ కబురు తహానీ తల్లికి మోసేసింది. ఆవిడ గురువారానికి షర్బత్ సీసాలు తెప్పించింది. అదే గురువారం యంత్రం అలెగ్జాండ్రియాకి ప్రయాణం. యంత్రంతోపాటు వగ్దీ కూడా.

మంగళవారం పెద్దాయన గదిలోంచి అందర్నీ తరిమేశారు. తహానీ, వగ్దీ మాత్రమే మిగిలారు, పెట్టెకి అటొకరు ఇటొకరు. ఇనుప చెయ్యి జెల్లని లోపల పెట్టింది. తెర మీద ఎముకలు ఒక్కొక్కటీ కనబడసాగాయి. అంతా సజావుగా అయిపోయేదే. పుట్టి బుద్ధెరిగి ముందుగా నోరు తెరవని వగ్దీకి అప్పుడే మాట్లాడాలనిపించింది.

"గురువారం ఫాతిహా అట కదా. చాలా సంతోషం," అన్నాడు.

"అవును. నాకూ సంతోషమే," అంది తహానీ.

ఫొటో తయారైంది. జెల్లకి అటువైపు తల ఉంది, ఇటువైపూ తల ఉంది. తోక మాత్రం ఎక్కడా లేదు. ముందు అతనికి వీపు తిప్పి, వెంటనే ఆమెకీ వీపు తిప్పిందన్నమాట. వగ్దీ చెవులు ఎర్రబడ్డాయి. ఆ బొమ్మ అచ్చు తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె దాన్ని సంచీలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం తహానీ ఆ బొమ్మని తల్లి ఒళ్లో పెట్టింది.

"ఏమిటే ఇది?"

"నువ్వడిగిన కారణం."

"రెండు తలలున్నాయేమిటే?"

"ఒక తల నా పెళ్లంటే సంతోషమని ఇంజనీరు గారు ఆడిన అబద్ధం. రెండోది నాకూ సంతోషమని నేనాడిన అబద్ధం."

తల్లి కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆవిడ భర్త కూడా పడవ నడిపినవాడే, ఉత్తుత్తి మర్యాద మాటలు ఆవిడకి కొత్త కాదు; చేప సంగతి ఉమ్ రిదా చెప్పనే చెప్పింది. "ముందే చెప్పి ఏడవచ్చుగా," అని గొణిగి హిల్మీకి ఫోను చేసింది.

"నాకు కాస్త బాధగా ఉంది. మరీ ఎక్కువేం కాదు," అన్నాడు హిల్మీ. "బస్బూసా అయిపోతే డబ్బా పంపించండి, అది మా అమ్మది."

జెల్ల ఆ ఇంట్లో లేదు గానీ, ఉన్నా కదిలేది కాదు.

బుధవారం ఆఖరి ప్రయత్నం. ఇనుప చెయ్యి జాడీని లోపల పెట్టి తలుపు మూసింది. తహానీ పొట్లం విప్పింది.

"రండి ఇంజనీరు గారూ, తిందురుగాని."

"ఇప్పుడే..." అని అలవాటుగా మొదలెట్టి, పెట్టెకేసి చూసి ఆగిపోయాడు వగ్దీ. "తినలేదు. ఇన్నాళ్లలో ఒక్కరోజు కూడా తిని రాలేదు."

"మరి రోజూ కాదన్నారెందుకు?"

"ఒకసారి తినేస్తే, మర్నాడు మళ్లీ పిలవరేమోనని."

"నాది పడవవాడి పిలుపేమో అనుకోవచ్చుగా."

"మీరు పిలిచినప్పుడు చేప ఎన్నడూ తిరగలేదు," అన్నాడు వగ్దీ. "తిరిగిందల్లా నా మాటకే. రోజూ చూస్తూనే ఉన్నాను."

తహానీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉల్లిపాయ ఘాటు అనబోయి, తెర మీద సగం తయారైన ఎముకలు చూసి నోరు మూసుకుంది. రొట్టె రెండు ముక్కలు చేసి పెద్ద ముక్క అతనికిచ్చింది.

"రేపు యంత్రాన్ని ముందు పంపేసి నేను మీ ఇంటికొస్తే మీ అమ్మగారు ఏమంటారు?" అన్నాడతను.

"భోంచేశావా అంటుంది."

"ఏం చెప్పను?"

"తినలేదని చెప్పండి. షర్బత్ కూడా తెప్పించి పెట్టుకుంది."

వగ్దీ రొట్టె కొరికి నెమ్మదిగా నమిలాడు. గుమ్మం అవతల ఉమ్ రిదా ఊపిరి బిగబట్టి నించుంది.

"ఉప్పు ఎక్కువైంది," అన్నాడు.

"రేపట్నుంచి తగ్గిస్తాను," అంది తహానీ.

పెట్టెలో చేప కదల్లేదు. యంత్రం మీద పచ్చ దీపం వెలిగింది.