పెట్టె మీది నంబరు

పైపుల అతుకులకు ఎక్స్‌రే తీసే మేస్త్రీ హ్యాండిల్ వెనక్కి తిప్పాడు. గొట్టంలోకి వెళ్లిన రేడియేషన్ గుళిక, దాన్ని భద్రపరిచే పెట్టెలోకి తిరిగి రాలేదు. మీటరు మోగుతూనే ఉంది. గదిలో కాంక్రీటు గోడ చాటున ఉన్న అతను తలుపు దగ్గరికి పోవాలంటే ఆ గుళిక పక్కనుంచే పోవాలి.

"అక్కా, లోపలికి రాకు. గుళిక ఇరుక్కుంది. నిపుణులకు ఫోన్ చెయ్యి," అని బయట కాపలా ఉన్నామెకు అరిచి చెప్పాడు.

"నంబరేది తమ్ముడూ?"

"పెట్టె మీద అంటించారు."

"పెట్టెక్కడుంది?"

"గుళిక పక్కనే."

"అంటించినోడి తెలివి తెల్లారినట్టే ఉంది."

కాగితం అంటించిన రోజు మేనేజరు దాని పక్కన నిలబడి దిగిన ఫొటో గ్రూపులో పెట్టాడని అతనికి గుర్తొచ్చి చెప్పాడు. ఆమె ఫోన్లో వెతికింది. మేనేజరు మోచెయ్యి చివరి అంకెను కప్పేసింది. సున్నా నుంచి ఒక్కో అంకె కలిపి చూసింది. ఒకరు బట్టల కొట్టన్నారు, ఒకరు తిట్టారు. ఆరు నొక్కితే నిపుణుడు పలికాడు.

"గోడ చాటునుంచి కదలొద్దన్నారు. రెండు గంటల్లో వస్తారట. నన్ను గేటు దాకా పొమ్మన్నారు, అక్కడికి నీ కేక వినపడదు. ఇంటికేమన్నా చెప్పాలా?"

అతను నేలమీద చతికిలబడ్డాడు.

"ఆలస్యమవుతుందని చెప్పక్కా."