చెన్నమ్మాళ్ డబ్బాకు అంటించిన నంబరు

కాలేజీకి పోయే పీలమేడు బస్సు రెండు నిమిషాల్లో వస్తుందని నా ఫోను నలభై నిమిషాలుగా చెబుతోంది. అబద్ధమని అనలేను. ఆ బస్సు ఎప్పుడు చూసినా రెండు నిమిషాల దూరంలోనే ఉంటుంది, చందమామలాగా. నేను చదివేది లైబ్రరీ సైన్సు. వస్తువు ఎక్కడుందో చెప్పే యంత్రాల మీద నాకు గౌరవం ఉండాలి. పోయిన వారం దాకా ఉండేది కూడా.

ఇళంగో సార్ మాకు నెట్‌వర్కులు మొదలుపెట్టింది మధ్యాహ్నం, సాంబారన్నం తిన్నాక. ప్రతి కంప్యూటరుకూ ఒక చిరునామా ఉంటుందట. కబురు ముక్కలై, చేతులు మారుతూ పోయి, చేరాల్సిన చోట మళ్లీ ఒకటవుతుందట. పైన ఫ్యాను తిరుగుతోంది. నా కళ్ల ముందు మా వీధి తేలింది. ఇంటికీ ఇంటికీ మధ్య సన్నటి వెలుగు దారాలు, వాటి మీద మెల్లగా జారిపోతున్న స్టీలు డబ్బాలు.

ఈ తమిళ ఊళ్లో మా తెలుగిళ్లలో డబ్బా కొన్న రోజే అంగట్లో దాని మీద పేరు చెక్కిస్తారు. బిడ్డకు పేరు పెట్టడానికి మూడు నెలలు ఆలోచిస్తారు గానీ డబ్బాకు అరగంట కూడా ఆగరు. దాంట్లో పక్కింటికి కూర పోతుంది. ఖాళీ డబ్బా తిరిగివ్వడం మర్యాద కాదు కాబట్టి, ఏదో ఒకటి వండేదాకా వాళ్లే ఉంచుకుంటారు. మనం అడగకూడదు. అడిగితే పదేళ్లు మాటలుండవు.

సార్ నాకు యాభై పుస్తకాలు, యాభై ట్యాగులు ఇచ్చారు. ట్యాగంటే తెల్ల స్టిక్కరు, లోపల తీగచుట్ట. రీడరు యంత్రం దగ్గర పెడితే తన పుస్తకం నంబరు చెబుతుంది. నలభై తొమ్మిది అంటించాను. యాభయ్యోదాన్ని ఇంటికి తెచ్చి మా అవ్వ చెన్నమ్మాళ్ పెద్ద డబ్బా అడుగున అంటించాను.

"ఏమే అది, ప్లాస్టరా?" అంది అవ్వ.

"డబ్బా ఎక్కడికి పోయినా కనుక్కోవచ్చవ్వా."

"పైన పేరుండాది కదే. దానికంటే ఇదేమి ఎక్కువ చెప్తాది?"

మరుసటి రోజే దాంట్లో పణియారాలు పెట్టి జోతిమణి అత్తకు పంపేసింది.

తరువాతి క్లాసులో తెలిసింది, రీడరుకు బారెడు దూరం దాటితే ఆ ట్యాగు పలకదని. స్టీలుకు అంటిస్తే అసలే పలకదని. ఇవి సార్ ముందే చెప్పారట. అప్పుడు నేను మా వీధి మీద తేలుతున్నాను.

కంప్యూటరు లెక్కకు నలభై తొమ్మిది పుస్తకాలే వచ్చాయి. యాభయ్యోది, పిట్టల గురించిన పుస్తకం, నా చేతిలోనే ఉంది.

"ఇదిగో సార్."

"చేతిలో ఉంటే సరిపోతుందా అమ్మా ఇందుజా? సిస్టమ్‌లో లేదే."

"వేరే ట్యాగు వేద్దాం సార్."

"దానికి కమిటీ సంతకం కావాలి. కమిటీ జూన్‌లో కూర్చుంటుంది. శుక్రవారంలోగా ఆ ట్యాగు తే. లేకుంటే హాల్ టికెట్ లేదు."

జోతిమణి అత్త ఇంటికి పోయి, డబ్బా తప్ప లోకంలో ఉన్నవన్నీ మాట్లాడాను. నేను మూడోసారి వంటింట్లోకి తొంగిచూసేసరికి అత్తకు అర్థమైంది.

"మీ డబ్బానా? సూలూరులో మా చెల్లెలికి పులుసు పంపితిని దాంట్లో. అది కారమడైకి ఏమన్నా పంపిందో ఏమో, అక్కడి తేరు తిరునాళ్లకు పోయుండాదే! కండిప్పా, తప్పకుండా వస్తాది, ఉండు. కాఫీ తాగు."

గురువారం సాయంత్రం అత్త ఇంటి నుంచి డబ్బా వచ్చింది. అదే ఎత్తు, అదే మూత, నిండా నువ్వుండలు. ఆత్రంగా తలకిందులు చేశాను. ఉండలు మంచం కిందికి దొర్లిపోయాయి. అడుగున స్టిక్కరు లేదు. మూత మీద 'మీనాంబాళ్' అని చెక్కి ఉంది.

"మీనాంబాళ్ ఎవరవ్వా?"

అవ్వ ఒక ఉండ కొరికి, కళ్లు మూసుకుని చాలాసేపు నమిలింది. "తెలీదే. ఎవరైతేనేమి, వెల్లం బాగా వేసుండాది. మంచిదే."

"నా పరీక్ష పోతుందవ్వా!"

"అది సరి. ఈ డబ్బా ఖాళీగా పంపేదెట్టా? అది చెప్పు ముందు."

ఇవాళ శుక్రవారం. బస్టాపులో కూర్చున్నాను. ఒళ్లో పిట్టల పుస్తకం, దాని మీద మీనాంబాళ్ డబ్బా. కళ్లు మూసుకుంటే ఎక్కడో ఒక వంటింట్లో ముక్కూమొహం తెలియని ఒకావిడ మా డబ్బాలో పాలు తోడుపెడుతోంది. అడుగున నా నంబరు, పలకలేక, చల్లగా పడుకుని ఉంది.

బస్సు రెండు నిమిషాల్లో వస్తుంది. సార్‌తో ఏమని చెప్పను? పుస్తకం కారమడైలో పెరుగవుతోందనా? మీకు దండం పెడతాను, ఎవరికైనా తోస్తే చెప్పండి. అవ్వ కూడా ఒకటి అడగమంది. చిరునామా తెలియని మనిషి డబ్బాలో ఏం పెట్టి పంపితే, చేరేలోగా పాడవకుండా ఉంటుంది?