జమ్ములోంచి జవాబు

పొద్దు పొడిచి ఎంతోసేపు కాలేదు. చిత్తడి నేల గట్టు మీద, బురదలోంచి లాగిన చెప్పును చేత పట్టుకుని, పిట్టలమ్మ ఊపిరి బిగబట్టి నిలబడింది. పక్షుల పరిశోధకురాలైన ఆమెకు ఆ పేరు పెట్టింది ఈ భూమి ఆసామే. జమ్ముగడ్డిలో మనిషి కంటబడకుండా మసలే ఒక అరుదైన పిట్టను వెతుకుతోందామె. దానికి ఒకటే దారి: దాని కూతను చిన్న స్పీకరు పెట్టెలో వినిపించి, జవాబు కోసం చెవి ఒగ్గడం. కొన్నేళ్లుగా జవాబు లేదు. ఈసారీ లేకపోతే, ఈ నేలను పిట్ట కోసం దున్నకుండా ఉంచాలని ఆసామితో ఆమె సంస్థ చేసుకున్న ఒప్పందం ముగుస్తుంది. ఆయన కాలువ తవ్వి, నీళ్లు తీసేసి, ఇక్కడ దున్నుకోవచ్చు.

ఆమె పెట్టె మీట నొక్కింది. కాసేపటికి అవతలి ఒడ్డు నుంచి కూత వినిపించింది!

ఒక్క సాక్ష్యానికే సంబరపడకూడదని ఆమెకు చదువు నేర్పింది. అందుకే మళ్లీ నొక్కింది. మళ్లీ జవాబు. ఇక కళ్లు చెమర్చకుండా ఆపడం ఆమె వల్ల కాలేదు.

ఆసామి గట్టు వెంబడి పరుగులాంటి నడకతో వచ్చాడు. ఈ ఏడాదే ఆమె ఆయనకూ ఒక పెట్టె ఇచ్చి అవతలి ఒడ్డు అప్పగించింది.

"అమ్మాయ్, పలికింది! నేను నొక్కానో లేదో, నీ వైపు నుంచి పలికింది!"

"నాకు మీ వైపు నుంచి వినిపించింది, బాబాయ్."

"అయితే జంటే! బురదకి కాపలా కాసే మారాజునని మీ పిన్ని తెగ ఏడిపిస్తుంది. ఇవాళ చెప్తా తన పని!"

ఆమె నవ్వబోయి ఆగింది. "నేను ఫోన్ చేశాక కదా మీరు నొక్కాల్సింది?"

"చెప్పావులే. చెయ్యి ఊరుకుంటేగా!"

"కూత చివర ఇంకేమైనా వినబడిందా?"

"ఆఁ, చిన్నగా దగ్గింది. మంచులో తడిసిందేమో, పాపం."

పిట్టలు దగ్గవు. ఆ దగ్గు ఆమెదే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఇదే జమ్ము పక్కన ఆ కూతను రికార్డు చేస్తూ ఆపుకోలేక దగ్గింది. రెండు పెట్టెల్లోనూ ఉన్నది ఆ రికార్డే. ఒకరి పెట్టెకు ఒకరు మురిసిపోయారు.

సంగతి విని ఆసామి గట్టు మీద చతికిలబడ్డాడు. చాలాసేపు గడ్డి పీకాడు.

"మనిద్దరికే తెలుసు కదమ్మా. పలికిందనే రాసెయ్."

ఆమెకు రాయాలనే ఉంది. కళ్ల ముందు ఇంత పచ్చగా ఊగుతున్న జమ్మును నిలబెట్టడానికి ఒక్క చిన్న అబద్ధం చాలు.

"రాయలేను బాబాయ్. లేనిదాన్ని ఉందని రాస్తే, రేపు నిజంగా పలికిననాడు నా మాటే నేను నమ్మలేను."

"ఒప్పందం పోతుందిగా?"

"పోతుంది."

ఆయన మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచాడు. "కాలువ తవ్వుదామని అల్లుడు తొందరపెడుతున్నాడు. ఈ ఏటికి వద్దంటాను. పై ఏటికి మాటివ్వలేనమ్మా, నాదీ సంసారమే."

"అంత అడిగే హక్కు నాకు లేదు, బాబాయ్."

"సర్లే. ఇంకోసారి పెట్టు. లెక్కకి కాదు, ఊరికే."

ఆమె మీట నొక్కింది. కూత జమ్ము మీదుగా సాగి, నీటి చివర ఎక్కడో కరిగిపోయింది. చిన్న దగ్గు కూడా అయిపోయింది. ఇంటికి వెళదామని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.