తొట్టిలో మామయ్య

ఆ ఏడు వడగళ్లు మూడొంతుల పంటను నేలరాల్చాయి. ఆ చలి కొండవాలున మిగిలిన పీనో నువార్ ద్రాక్షంతా కోస్తే ఒక్క చెక్కతొట్టి నిండింది. పలచటి తోలున్న పండు అది. ఎండెక్కువైతే కందుతుంది, వానెక్కువైతే కుళ్లుతుంది. "దీనికి కొత్తల్లుడి కన్నా అలకలెక్కువ" అనేవారు మామగారు. వాసన పట్టి వైను మంచిచెడ్డలు చెప్పగలరని అందరూ ఆయన్ని ముక్కాయన అనేవాళ్లు. కోడలు పని నేర్చుకున్నది ఆయన దగ్గరే.

ఆ ఉదయం భర్త ఖాళీ సీసాల కోసం వెళ్లాడు. ఆమె గొట్టాలు కడుగుతోంది. తొట్టిలో రసం పులిసి పొంగుతోంది. పైకి తేలిన తొక్కల్ని పూటపూటకీ కర్రతో కిందికి పొడవాలి. ఆ పొంగులోంచి లేచే గాలి కంటికి కనబడదు గానీ, పీల్చినవాణ్ని నిలుచున్నపళంగా కూలుస్తుంది. ఒంటరిగా తొట్టి మీదికి వంగొద్దని ఆమెకు లక్షసార్లు చెప్పింది ఆయనే.

ఆయన కర్ర పట్టుకుని ఒక్కరే తొట్టి నిచ్చెన ఎక్కడం చూసి ఆమె కేకేసింది. "మామయ్యా, ఆగండి, వస్తున్నా!"

"నువ్వొచ్చేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. రెండు పోట్లు పొడిచి దిగుతాలే."

ఆ వెంటనే ధబ్బుమని చప్పుడు.

నిచ్చెనెక్కి చూసిన ఆమెకు పైప్రాణాలు పైనే పోయాయి. ఆయన తొక్కల తెట్టు మీద వెల్లకిలా పడి ఉన్నారు. కళ్లు తెరిచే ఉన్నాయి, చూపు లేదు. చెయ్యి చాచింది, అందలేదు. ఇంకాస్త వంగితే తల గిర్రున తిరిగింది. దూకితే ఇద్దరూ పోతారు. గొంతు చించుకుని అరిచింది. పక్క తోట వాగు అవతల; పలికే దిక్కు లేదు.

దిగి, తొట్టి అడుగునున్న కుళాయి తిప్పింది. సన్నటి ధార. అది ఖాళీ అయ్యేలోగా మనిషి మిగలడు. అడుగున కన్నం పడితే రసంతో పాటు ఆ బరువు గాలీ బయటికి పోతుంది. గొడ్డలి ఎత్తింది. చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఏడాది కష్టమంతా ఆ చెక్కల వెనకే ఉంది. కళ్లు మూసుకుని కొట్టింది. నాలుగో దెబ్బకు పలక విరిగి, ఎర్రటి వరద ఆమెను గోడకేసి కొట్టింది. లేచి మళ్లీ కొట్టింది. విరిగిన పలకల్ని చేతులతో పీకి, కాళ్లు పట్టుకుని ఆయన్ని బయటికి లాగింది. నోట్లోకి ఊపిరి ఊదింది. ఊదుతూనే ఉంది.

"లేవండి మామయ్యా! లేవకపోతే ఆ ముక్కు కొరికేస్తాను!"

ఎంతసేపటికో ఆయన దగ్గారు. నేల వంక చూశారు.

"ఎంత మిగిలింది?"

"ఏమీ లేదు."

"పిచ్చిదానా! ఎవరు పగలగొట్టమన్నారే?"

ఏనాడూ ఎదురు చెప్పని కోడలు భగ్గుమంది. "మీరు పడకపోతే కొట్టేదాన్నా!" అని అరిచి, ఆ ఎర్రటి మడుగులోనే కూలబడి ఏడ్చింది.

మూడు రోజులు ఆయన ఆమె వంక చూడకుండా విరిగిన పలకలు ఏరుకుంటూ తిరిగారు. నాలుగో రోజు ఆమె గరిటె పట్టుకోలేకపోతుంటే, కళ్లజోడు తెచ్చుకుని, అరచేతుల్లో దిగిన చెక్క పేళ్లు ఒక్కొక్కటే తీశారు.

"నొప్పా?"

"ఊఁ."

"మరి చెప్పవేం?"

అమ్ముకోవడానికి ఒక్క సీసా లేదు. చలికాలం ఎలా గడుస్తుందో తెలియదు. ఆయన కళ్లజోడు సర్దుకుని ఇంకో పేడు కోసం వెతికారు.