నలభై ఒకటో పేరా

తీర్పు లోకానికి తెలియడానికి ఆరు రోజుల ముందే మా వంటింటి బల్ల మీదికి వచ్చింది. తెచ్చింది మిసెస్ హోస్కింగ్, కోర్టులో నా తరఫు లాయరు.

"ఇది చిత్తుప్రతి. అచ్చుతప్పులుంటే చెప్పమని ముందుగా ఇస్తారు. ఇందులో సంగతి ఈ గది దాటిందంటే కోర్టు ధిక్కారం. నేనూ జైలుకే, నువ్వూ జైలుకే, మీ అమ్మా జైలుకే," అంది.

"నాకు జైలే నయం. వంట తప్పుతుంది," అంది అమ్మ, కూర పెట్టి మడిచిన పాస్టీల పళ్లెం ఓవెన్‌లోకి తోస్తూ.

నేను నవ్వలేకపోయాను. ఆ కాగితాల్లో ఉన్న "ఆ బిడ్డ" నేనే.

నాలుగేళ్ల క్రితం, నాకు పదకొండేళ్లప్పుడు, బడి పిల్లలందరం వాగు మీది చెక్క వంతెన దాటి కొండ మీదికి బయలుదేరాం. బూటులో రాయి పడితే తీసుకోవడానికి నేను ముళ్లపొద చాటున కూర్చుండిపోయాను. అది ఎవరూ చూడలేదు. అందరూ వెళ్లారనుకుని మా టీచరు మిస్ నాన్‌కారో చివరగా వంతెన మీద అడుగు పెట్టింది. చెక్కలు విరిగాయి. కాలు దూలాల మధ్య ఇరుక్కుని, తల రాతికి తగిలి, ఆవిడ కదలకుండా పడిపోయింది.

నేను అరవలేదు. పరిగెత్తలేదు. పది నిమిషాలకు ట్రాక్టరు మీద ఒక రైతు వచ్చి చూశాడు. అప్పుడు మాత్రం మెల్లగా దిగువన వాగు దాటి, ముందు వెళ్లిన మిగతా పిల్లల్లో కలిసిపోయాను. మిస్ నాన్‌కారోకు మోకాలి కింద కాలు తీసేశారు.

ఈ సంగతి అమ్మకు చెప్పాను. తర్వాత, వంతెన బాగోగులు చూసే ఊరి కౌన్సిల్ పంపిన విచారణాధికారికి చెప్పాను. ఆవిడ అంతా రాసుకుంది. విచారణ నివేదిక బయటపెట్టమని మిస్ నాన్‌కారో అడిగితే, కౌన్సిల్ కుదరదంది. అందులో ఒక బిడ్డ చెప్పిన మాటలున్నాయి, ఆ బిడ్డ గోప్యత కాపాడాలి, అంది. అక్కడినుంచి ఊళ్లో అందరికీ ఒకటే ప్రశ్న. ఎవరి బిడ్డ? ఏం చూసింది?

మిస్ నాన్‌కారో వేసిన కేసు మెట్టు మెట్టూ ఎక్కి లండన్‌లో అప్పీలు కోర్టుకు చేరింది. జనవరిలో వాదనలు జరిగినప్పుడు నేనూ అమ్మా వెనక బెంచీలో ఊరికే చూడటానికి వచ్చినవాళ్లలా కూర్చున్నాం. ముగ్గురు జడ్జీల్లో మధ్యలో ఉన్నది లేడీ జస్టిస్ ఆష్‌కోంబ్. కౌన్సిల్ లాయరు గంటసేపు ఆ బిడ్డ, ఆ బిడ్డ అంటూనే ఉన్నాడు. ఆవిడ కళ్లద్దాలు తీసింది.

"మిస్టర్ ఫెన్విక్, నివేదిక బయటికొస్తే ఎవరికి ఎక్కువ ఇబ్బంది? బిడ్డకా, మీ కౌన్సిల్‌కా?"

"ఇద్దరికీనండి, మైలేడీ."

"నిజమే చెప్పారు. ఎక్కువెవరికో మేం చూసుకుంటాంలెండి."

కోర్టు హాల్లో నవ్వులు. ఆవిడ మాత్రం నవ్వలేదు. మిస్ నాన్‌కారో లాయరు వైపు తిరిగి, "మరి మీకు ఆ బిడ్డ పేరు కావాలా?" అని అడిగింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మిస్ నాన్‌కారో తల అడ్డంగా ఊపింది. నేను నేల చూపులు చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు ఆ ముగ్గురి మాటా నా ముందుంది. నెమ్మదిగా చదివాను. వంతెన ఎందుకు కూలిందో తెలుసుకునే హక్కు దాని మీద నడిచే వాళ్లందరిదీ అని రాశారు. ఆ రోజు సంగతి తనలోనే దాచుకునే హక్కు ఆ బిడ్డది, దాన్ని కౌన్సిల్ తనకు గొడుగుగా పట్టుకోవడానికి వీల్లేదు అని రాశారు. నివేదిక అంతా బయటపెట్టాలి. బిడ్డ మాటలున్న రెండు పేజీలు మాత్రం మూసి ఉంచాలి. ముప్పై ఎనిమిదో పేరాలో ఇలా ఉంది: "ఆ బిడ్డ భయంతో పది నిమిషాలు కదల్లేకపోయింది. అందులో ఆ బిడ్డ తప్పేమీ లేదు."

ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. నాలుగేళ్లుగా అమ్మ ఆ మాటే చెబుతోంది. కానీ అమ్మ నా అమ్మ కదా. వీళ్లకు నేనెవరో కూడా తెలియదు.

తర్వాత నలభై ఒకటో పేరా వచ్చింది. "ఆ బిడ్డకు బిడియం ఎక్కువని, ఊరి బ్యాండులో హార్న్ బూర వాయించేటప్పుడే నలుగురిలోకి వస్తుందని మాకు తెలిపారు. ఆ చిన్న సంతోషాన్ని ఈ కోర్టు పాడుచేయదు."

ఆ రోజు కొండకు వెళ్లిన పిల్లల్లో బ్యాండులో వాయించేది నేనొక్కదాన్నే.

"అయిందా బంగారం? బాగుంది కదూ!" అంది మిసెస్ హోస్కింగ్. అమ్మ ఏడుస్తూ, నవ్వుతూ తల ఊపింది. ఇద్దరూ చదివారు. ఇద్దరికీ తట్టలేదు. ఇంత గొప్ప జడ్జీలకు తప్పు చెప్పడానికి నేనెవరిని అనిపించింది. ఆవిడ కాగితాలు కవరులో పెట్టుకుంది, కోటు వేసుకుంది, అమ్మతో చేయి కలిపింది. కారు తలుపు మూసిన చప్పుడు వినబడింది.

మేజోళ్లతోనే వానలోకి పరిగెత్తాను.

"మేడమ్! ఆగండి! నలభై ఒకటి!"

ఆవిడ అద్దం దించింది. "ఏమైందమ్మా?"

"బ్యాండు. మా క్లాసులో... నేనొక్కదాన్నే."

ఆవిడ ముఖం పాలిపోయింది. "అయ్యో నా మతి మండ! అది నేనే రాసిచ్చాను తల్లీ, నీ మీద వాళ్లకు దయ కలగాలని. జడ్జి గారు కూడా దయతోనే పెట్టారు." కవరులోంచి కాగితాలు తీసి ఆ పేరా పక్కన గీత గీసింది. "ఈ పూటే జడ్జీలకు రాస్తాను. నువ్వు లోపలికి పో, మేజోళ్లు చూడు."

గురువారం పదిన్నరకు తీర్పు వెలువడింది. బడి లైబ్రరీలో కంప్యూటరు ముందు కూర్చుని నేరుగా నలభై ఒకటికి వెళ్లాను. "ఆ బిడ్డ ప్రశాంతంగా పెరగాలి. అంతకుమించి ఆ బిడ్డ గురించి ఎవరికీ ఏమీ తెలియనక్కర్లేదు." అంతే ఉంది. ఇంకోసారి చదివాను. పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి వదిలాను. లైబ్రేరియన్ తల ఎత్తి చూసేంత గట్టిగా వదిలినట్టున్నాను.

నివేదిక మర్నాడు వచ్చింది. సాయంత్రం రొట్టె కోసం వెళ్తే ట్రెంబాత్ గారి కొట్టు నిండా జనం.

"వంతెన పుచ్చిందని తనిఖీ ఇన్‌స్పెక్టరు రెండేళ్లలో మూడుసార్లు రాశాడట! మూడుసార్లు!" అంటున్నాడు ట్రెంబాత్, పేపరు కౌంటరు మీద కొట్టి.

"రాస్తే మాత్రం? ఆ కౌన్సిల్ వాళ్లకు చదవడం వచ్చా?" అంది బేకరీ మోర్వెనా.

"సరే, ఆ బిడ్డ ఎవరంటావ్? పది నిమిషాలు కదల్లేదట," అన్నాడు ట్రెంబాత్.

నా చేతిలో రొట్టె నలిగింది.

"ఎవరైతే నీకేం?" అంది మోర్వెనా. "పదకొండేళ్ల పసిది పది నిమిషాలు కదల్లేదు. గడ్డాలు మీసాలు వచ్చినవాళ్లు రెండేళ్లు కదల్లేదు. ముందు వాళ్లను అడుగు."

"అడగనా మరి? సోమవారం కౌన్సిల్ మీటింగుకు నేనే పోతాను."

"నువ్వా? పోయినసారి అక్కడ గురక పెట్టావు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మిస్ నాన్‌కారోకు ఎప్పుడైనా చెప్పాలనిపిస్తే చెబుతాను, లేకపోతే లేదు. అది ఇక నా ఇష్టం.

"ఏంటి పిల్లా, ఆ రొట్టెను పిసికి చంపుతున్నావ్, కొంటావా?" అన్నాడు ట్రెంబాత్.

"కొంటాను. ఇంకోటి కూడా ఇవ్వండి, ఇలా నలగనిది," అన్నాను.