ఆఖరి దూలానికి ముందు అరగంట

నేను క్రేన్ నడుపుతాను. నది మీద కడుతున్న వంతెనకి రెండు ఎత్తైన క్రేన్లు ఉన్నాయి. ఒకటి నాది, రెండోది పెద్దాయనది. ఆయన ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉండి తలపండినవాడు, నాకు పని నేర్పినవాడు. నా క్యాబిన్ నేలకి ఎనభై మీటర్ల పైన ఉంటుంది. నిచ్చెన దిగడానికి పది నిమిషాలు, ఎక్కడానికి పదిహేను. అందుకే మొదటిరోజే పెద్దాయన చెప్పాడు: "పైకెక్కే ముందు గొంతు తడపకు తల్లీ. కడుపులో ఏది కదిలినా పట్టించుకోకు. సాయంత్రం దాకా ఆపుకోవడమే ఇక్కడ అసలు పని." ఏడేళ్ళపాటు నేను ఆ మాట జవదాటలేదు. ఇంత బుద్ధిమంతురాలిని మా అమ్మ కూడా చూసి ఉండదు.

ఒకరోజు పొద్దున్నే బాత్రూంలో కూర్చుంటే గాజుపెంకుతో కోసినట్టయింది. కిందికి చూస్తే ఎర్రటి నెత్తురు. ఆ మంట రెండు గంటలు పోలేదు. క్యాబిన్లో సీటు అంచున ఒరిగి కూర్చుని పంటి బిగువున పని చేశాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. నాకు పెద్ద జబ్బే వచ్చిందని ఖాయం చేసుకున్నాను.

ఎవరికీ చెప్పలేదు. ఇంకో ఆరు వారాల్లో వంతెన రెండు సగాలనీ కలిపే ఆఖరి దూలం దించాలి. మేస్త్రీ ఆ పనికి నా పేరే రాశాడు! ఏడేళ్ళుగా నేను ఎదురుచూసింది దానికోసమే. నాకు ఒంట్లో బాగాలేదని తెలిస్తే ఆ సీటు ఇంకొకరిది. ఇంట్లో నిలబడి అన్నం తింటుంటే, "కూర్చోవచ్చుగా?" అన్నాడు మా ఆయన. "నడుం పట్టేసింది," అన్నాను.

మా వదిన మాత్రం నా మొహం చూసి పట్టేసింది. గదిలోకి లాక్కెళ్ళి అంతా కక్కించింది.

"చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పుకోకపోతే ప్రాణం పోతుంది అన్నారు. ప్రాణం ముఖ్యం. పద!"

డాక్టరమ్మ పరీక్ష చేసింది. నేను కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగి పడుకున్నాను.

"చిన్న చీలిక. ఫిషర్ అంటాం," అంది.

"క్యాన్సర్ కాదా?"

"కాదు."

లేచి ఆవిడని కౌగిలించుకోబోయాను. వదిన నా చీర కొంగు పట్టి లాగింది.

"మలం గట్టిపడి, వెళ్ళేటప్పుడు చర్మాన్ని చీల్చింది. ఆ నొప్పికి లోపలి కండరం బిగుసుకుంటుంది. అది బిగుసుకుంటే రక్తం సరిగా అందక పుండు మానదు. నొప్పికి జడిసి మీరు ఇంకా ఆపుకుంటారు, అది ఇంకా గట్టిపడుతుంది. రోజూ నీళ్ళెన్ని తాగుతారు?"

"ఇంటికొచ్చాక రెండు గ్లాసులండి."

ఆవిడ కలం కింద పెట్టేసింది. తర్వాత అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పింది. నీళ్ళు దండిగా తాగాలి. ఆకుకూరలు, పండ్లు, పొట్టుతీయని గింజలు తినాలి. మలం మెత్తబడటానికి ఒక పొడి, కండరం వదులవడానికి ఒక పూతమందు. గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో రోజుకి రెండు మూడుసార్లు పది నిమిషాలు కూర్చోవాలి. ముక్కకూడదు. "చాలామందికి ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మానుతుంది. మానకపోతే వేరే దారులున్నాయి. కానీ వచ్చినప్పుడు వెళ్ళాల్సిందే."

"నేను క్రేన్ మీద ఉంటానండి."

"అయితే దిగండి."

బయటికొచ్చి రోడ్డు మీదే ఎగిరి గంతేశాను. బతికాను! ఆ రాత్రి తొట్టిలో కూర్చుంటే మా ఆయన తలుపు కొట్టి, "తపస్సు అయిందా? దేవుడు ప్రత్యక్షమయ్యాడా?" అన్నాడు. నవ్వి నవ్వి నీళ్ళన్నీ ఒలకబోశాను. మూడో వారానికి నొప్పి తగ్గింది. తగ్గిందిగదా అని రెండు రోజులు అన్నీ మానేశాను. గాజుపెంకు మళ్ళీ దిగింది. చెంపలేసుకుని మళ్ళీ మొదలుపెట్టాను. పనిలో మాత్రం భోజనాల వేళ గుట్టుగా దిగి, గుట్టుగా ఎక్కేదాన్ని.

ఆ రోజు రానే వచ్చింది. రెండు ఒడ్డుల మీదా జనం, కెమెరాలు, పెద్దమనుషులు. పదకొండు దాటితే గాలి లేస్తుంది కాబట్టి ఈలోగా దూలం దించెయ్యాలి. సంబరంలో పొద్దున నాకు బాత్రూం ఊసే పట్టలేదు. సరిగ్గా దూలానికి గొలుసులు కడుతుండగా కడుపు కదిలింది.

రెండు గంటలు ఆపుకోవడం నాకు కొత్తేం కాదు. సీటు నాదే, పేరూ నాదే. పెదవి కొరుక్కున్నాను. ఆ పైన రేడియో తీశాను.

"నేను దిగుతున్నాను."

"క్రేన్‌కి ఏమైంది?" మేస్త్రీ కేక వేశాడు.

"క్రేన్ బాగానే ఉంది సార్. నేను దొడ్డికెళ్ళాలి."

నలభై మంది పనివాళ్ళ రేడియోల్లో వినబడింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"అమ్మా తల్లీ! రెండు గంటలు ఓపిక పట్టలేవా?"

"ఏడేళ్ళు పట్టాను సార్. లోపల చీలి నెత్తురు కారింది. ఇక పట్టను. అరగంటలో వస్తాను. కాదంటే ఇంకెవరినైనా ఎక్కించుకోండి."

నా సీటు నా నోటితోనే వదిలేశాను. నిచ్చెన దిగుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కింద మేస్త్రీ మొహం కందగడ్డలా ఉంది. గడియారం చూశాడు, ఆకాశం చూశాడు, నన్ను చూశాడు.

"అరగంటంటే అరగంటే," అన్నాడు.

పరుగెత్తాను! తిరిగొచ్చి నిచ్చెన మెట్లు రెండేసి ఎక్కుతుంటే ఒళ్ళు తేలిపోతోంది, నొప్పి ఇంత కూడా లేదు. దూలం లేచింది. గాలి మొదలవుతుండగా నది మధ్యకి చేరింది. అటు వేలెడు, ఇటు వేలెడు సందు. అంగుళం అంగుళం దించాను. "దించు... దించు... ఆగు!" అన్నాడు మేస్త్రీ. బోల్టులు బిగిశాయి. రెండు ఒడ్డులూ ఒకేసారి అరిచాయి. నేనూ క్యాబిన్లో ఒంటరిగా గొంతు చించుకుని అరిచాను.

అరుపులు సద్దుమణిగాక రేడియో మళ్ళీ గరగరలాడింది. అవతలి క్రేన్ నుంచి పెద్దాయన. అందరూ వింటున్నారని ఆయనకి తెలుసు.

"తల్లీ, నాకు పదకొండేళ్ళుగా నెత్తురు పడుతోంది. ఆ డాక్టరమ్మ ఎక్కడుంటుంది?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. "ముందు కిందికి దిగండి, ఇవాళే తీసుకెళ్తాను," అన్నాను.